చేతి వైరింగ్ ఆంప్లిఫయర్: అంత ధర దేనికి?

ఫెండర్ కంపెనీ గిటార్ ఆంప్లిఫయర్లలో డీలక్స్ రివర్బ్ అని ఒకటుంది. 1963లో వచ్చిన డిజైన్, 22 వాట్లు. అదే పేరుతో దొరికేవాటిలో మూడు రకాలు చూద్దాం. మొదటిది 65 డీలక్స్ రివర్బ్. ఇందులో వాల్వ్‌లు ఉంటాయి, మిగతా భాగాలు మాత్రం ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు మీద ఉంటాయి. రెండోది 64 కస్టమ్. వాల్వ్‌లు అవే, కానీ లోపలి రెసిస్టర్లు, కెపాసిటర్లు, వైర్లు అన్నీ మనిషి కూర్చుని ఒక్కొక్కటిగా చేత్తో సోల్డర్ చేసినవి. మూడోది 2019లో వచ్చిన టోన్ మాస్టర్. ఇందులో ఒక్క వాల్వ్ కూడా లేదు. లోపల ఉన్నది ప్రాసెసరూ, కోడూ. ముందు నుంచి చూస్తే మూడూ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. అదే నల్ల కవర్, అదే వెండి రంగు గుడ్డ, అవే నాబ్‌లు. ధర దగ్గరికొస్తే మాత్రం చేతి వైరింగ్‌ది మొదటిదానికంటే బాగా ఎక్కువ.

మా హాస్టల్లో గిటార్ వాయించేవాళ్ళ మధ్య దీని మీద సెమిస్టర్‌కో గొడవ. "చేత్తో చేస్తే సౌండే వేరు రా" అని ఒక పార్టీ. "అంతా మార్కెటింగ్, డబ్బున్నోళ్ళ పిచ్చి" అని ఇంకో పార్టీ. నాకు గిటార్ అంతంతమాత్రమే వచ్చు. కానీ మాది చిట్యాల. మా కాకకు మైక్‌సెట్ల వ్యాపారం ఉంది. ఆంప్లిఫయర్ డబ్బాలు మొయ్యడం, వైర్లు చుట్టడం నాకు చిన్నప్పటి నుంచి ఇంటి పనే. అందుకే ఈ గొడవలోకి దిగి లోపల ఏముందో చూద్దామనుకున్నా. ముందే చెప్తున్నా, నా లెక్కలో రెండు పార్టీలూ సగం సగమే రైటు. ఆ ఎక్కువ ధరలో సౌండ్ వాటా చాలా తక్కువ. దాని అసలు విలువ వేరే చోట ఉంది, అది గిటార్ వాయించని వాళ్ళకు కూడా పనికొచ్చే విషయం.

వాల్వ్ అంటే ఏంటి?

మా దిక్కు చెరువులకు తూము ఉంటుంది. తూము దగ్గర ఒక మనిషి తలుపు కొంచెం ఎత్తితే కాలువ నిండా నీళ్ళు పారుతాయి. ఆ నీళ్ళ బలం మనిషిది కాదు, చెరువుది. మనిషి చేసింది ఎంత పారాలో చెప్పడమే. వాల్వ్ చేసేదీ ఇదే పని. ఇంగ్లీషులో వాల్వ్ అన్న మాటకు అర్థం కూడా అలాంటిదే. అమెరికా వాళ్ళు దీన్నే ట్యూబ్ అంటారు.

ఒక గాజు బుడ్డి, లోపల గాలి ఉండదు. మధ్యలో కాథోడ్ అనే సన్న గొట్టం. దాని లోపల హీటర్ తీగ, సాధారణంగా 6.3 వోల్ట్‌ల మీద ఎర్రగా కాలుతుంది. కాథోడ్ దాదాపు 700 డిగ్రీలు వేడెక్కితే దాని మీది పూత నుంచి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. బయట చుట్టూ ప్లేట్ అనే లోహపు రేకు ఉంటుంది, దానికి వందల వోల్ట్‌ల పాజిటివ్ ఇస్తారు. ఎలక్ట్రాన్లు దానివైపు పరుగెడతాయి. మధ్య దారిలో గ్రిడ్ అనే సన్న తీగ చుట్ట ఉంటుంది. ఇదే మన తూము తలుపు. గ్రిడ్ మీద నెగటివ్ వోల్టేజ్ కొంచెం పెరిగితే ప్రవాహం బాగా తగ్గుతుంది, కొంచెం తగ్గితే ప్రవాహం బాగా పెరుగుతుంది.

గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక వోల్ట్‌లో చిన్న భాగం. దాన్ని గ్రిడ్‌కు ఇస్తే ప్లేట్ దగ్గర అదే ఆకారంలో చాలా రెట్లు పెద్ద సిగ్నల్ దొరుకుతుంది. గిటార్ ఆంప్‌లలో ఎక్కువగా కనిపించే చిన్న వాల్వ్ 12ఎఎక్స్7. దాని ఆంప్లిఫికేషన్ ఫాక్టర్ 100, మామూలు సర్క్యూట్‌లో యాభై అరవై రెట్ల దాకా వస్తుంది. 1904లో ఫ్లెమింగ్ రెండు భాగాల వాల్వ్ చేశాడు. రెండేళ్ళ తర్వాత అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో గ్రిడ్ పెట్టాడు. ఆ ఒక్క తీగ చుట్టతోనే రేడియో, టెలిఫోన్, సినిమా సౌండ్, మొదటి కంప్యూటర్లు అన్నీ నడిచాయి. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక వాల్వ్ ఒక్కో చోటు నుంచి ఖాళీ చేస్తూ పోయింది. ఖాళీ చెయ్యని కొద్ది చోట్లలో గిటార్ ఆంప్ ఒకటి.

చెడగొట్టడమే దాని పని

ఎందుకు ఖాళీ చెయ్యలేదు? మైక్‌సెట్‌కీ గిటార్ ఆంప్‌కీ తేడా ఇక్కడే ఉంది. చెరువుగట్టు జాతరలో తప్పిపోయిన పిల్లవాడి పేరు మైక్‌లో చెప్తే అది గుట్ట కింద దాకా స్పష్టంగా వినపడాలి. మైక్‌సెట్ మాట ఎంత చెడగొట్టకపోతే అంత మంచిది. గిటార్ ఆంప్ అలా కాదు. అది వాయిద్యంలో సగం. సిగ్నల్‌ని అందంగా చెడగొట్టడం దాని పని.

మన భాషలో చెప్తే ఇలా. ట్రాన్సిస్టర్ ఆంప్‌ని దాని హద్దు దాటి నడిపితే తరంగం పైభాగం కొడవలితో కోసినట్టు తెగిపోతుంది. కోడ్‌లో రాస్తే "ఒకటి కంటే ఎక్కువైతే ఒకటే" అనే కండిషన్. వాల్వ్ ఆంప్ హద్దు దగ్గరికి వస్తూ వస్తూ మెల్లగా వంగుతుంది. అది మెషిన్ లెర్నింగ్ క్లాసులో మనం గీసే టాన్‌హెచ్ గీతకు దగ్గరి చుట్టం. కోసినట్టు తెగితే చెవికి గుచ్చుకునే పై హార్మోనిక్స్ ఎక్కువ వస్తాయి. మెల్లగా వంగితే కింది హార్మోనిక్స్ ఎక్కువ, పైవి తక్కువ. పైగా చిన్న ట్రయోడ్ వాల్వ్‌లో పైసగం, కిందసగం ఒకేలా వంగవు. దానివల్ల రెండో హార్మోనిక్ పుడుతుంది. అంటే "స" వాయిస్తే పై "స" కూడా సన్నగా కలుస్తుంది. మనకు అది నిండుగా అనిపిస్తుంది.

ఇంకా ఉన్నాయి. వాల్వ్‌కీ స్పీకర్‌కీ మధ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వాల్వ్‌కు కొన్ని వేల ఓమ్‌ల లోడ్ కావాలి, స్పీకర్ ఉండేది ఎనిమిది ఓమ్‌లు. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చేది ఈ ఇనుప ముద్ద. ఇదీ తన రంగు కొంత పూస్తుంది. రెక్టిఫయర్ కూడా వాల్వ్ అయితే, తీగల మీద గట్టిగా కొట్టగానే సప్లై వోల్టేజ్ ఒక క్షణం కుంగి మళ్ళీ లేస్తుంది. వాయించేవాళ్ళ వేలికి అది ఊపిరి తీసుకున్నట్టు తెలుస్తుంది. ఇక స్పీకర్, దాని చెక్కపెట్టె అన్నింటికంటే పెద్ద వాటాదారులు.

ఇప్పటిదాకా చెప్పిన లిస్టులో సర్క్యూట్ ఉంది, వాల్వ్ ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, స్పీకర్ ఉంది. "చెయ్యి" ఎక్కడా రాలేదు. దీన్ని గుర్తు పెట్టుకోండి.

అందరూ రేడియో షాపు పిల్లలే

లియో ఫెండర్ సంగీతకారుడు కాదు. గిటార్ ట్యూన్ చెయ్యడం కూడా అతనికి రాదని చెప్తారు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో అతను పెట్టింది రేడియో రిపేర్ షాపు. ఊళ్ళో వాద్యగాళ్ళు తమ ఆంప్‌లు రిపేర్‌కు తెచ్చేవాళ్ళు. ఏ భాగం త్వరగా పోతుందో, ఏది బాగు చెయ్యడానికి చేతికి అందదో అక్కడే చూశాడు. తర్వాత తను కట్టిన ఆంప్‌లు రిపేర్ మనిషి కోసం కట్టినట్టే ఉంటాయి. వెనక చెక్క విప్పితే లోపల ఏ సాకెట్‌లో ఏ వాల్వ్ పెట్టాలో చెప్పే కాగితం అతికించి ఉంటుంది.

లండన్‌లో కథ ఇంకోలా సాగింది. జిమ్ మార్షల్ డ్రమ్స్ వాయించేవాడు, నేర్పేవాడు. 1960లో హాన్‌వెల్‌లో ఒక మ్యూజిక్ షాపు తెరిచాడు. ఫెండర్ ఆంప్‌లు అమెరికా నుంచి రావాలంటే చాలా ఖరీదు. అందుకని షాపులో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, కుర్రవాడైన డడ్లీ క్రేవెన్‌తో కలిసి ఫెండర్ బేస్‌మాన్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని సొంతంగా ఒకటి కట్టారు. అదే 1962 నాటి జెటిఎం45. జిమ్ అండ్ టెర్రీ మార్షల్ అన్నదానికి పొట్టి పేరు అది, టెర్రీ జిమ్ కొడుకు. సర్క్యూట్ దాదాపు అదే. కానీ ట్రాన్స్‌ఫార్మర్లు ఇంగ్లండ్‌వి, స్పీకర్లు వేరు, పెట్టె వేరు. వచ్చిన సౌండూ వేరే. రాక్ సంగీతంలో ఒక పెద్ద ముక్క అక్కడినుంచే మొదలైంది. డార్ట్‌ఫర్డ్‌లో వాక్స్ కంపెనీ కోసం డిక్ డెన్నీ చేసిన ఎసి30 ఇంకొంచెం ముందు, 1959లో వచ్చింది. బీటిల్స్ వాడినవి అవే.

మన దగ్గర అప్పుడు గిటార్ ఆంప్‌లు లేవు. కానీ వాటి దగ్గరి చుట్టాలు చాలా ఉండేవి. నిజాం కాలంలో హైదరాబాద్‌లో దక్కన్ రేడియో నడిచింది, 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఫిలిప్స్, మర్ఫీ, బుష్ వాల్వ్ రేడియోలు పెళ్ళికి కట్నంగా ఇచ్చిన కాలం మన తాతలది. బెంగుళూరులో ప్రభుత్వ కంపెనీ బీఈఎల్ రేడియో వాల్వ్‌లు తయారుచేసేది. 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అహూజా పేరు ఈరోజుకీ ఊరూరా మైక్‌సెట్ డబ్బాల మీద కనిపిస్తుంది. ఇంకో తమాషా చూడండి. వాక్స్ ఎసి30లో నాలుగు ఇఎల్84 వాల్వ్‌లు ఉంటాయి. ఆ కాలపు ఫిలిప్స్ లాంటి రేడియోల్లో స్పీకర్‌ను నడిపిన వాల్వ్ కూడా చాలా వాటిలో అదే. బీటిల్స్ గిటార్ వెనక వెలిగిన దీపమూ, మన ఇళ్ళలో వార్తలు చదివిన రేడియోలో దీపమూ ఒకే జాతివి.

చేతి వైరింగ్, బోర్డు వైరింగ్

పాత పద్ధతిలో ఒక గట్టి ఫైబర్ అట్ట మీద రెండు వరసల్లో చిన్న లోహపు గుళ్ళు బిగిస్తారు. వాటి మధ్య రెసిస్టర్లు, కెపాసిటర్లు నిచ్చెన మెట్లలాగా పడుకోబెట్టి సోల్డర్ చేస్తారు. అట్ట నుంచి ఒక్కో వైరు వాల్వ్ సాకెట్‌కూ, నాబ్‌కూ వెళ్తుంది. మార్షల్‌లో నిలబడే పిన్నులు, ఫెండర్‌లో గుండ్రటి కంతలు, వాక్స్‌లో ట్యాగ్ స్ట్రిప్‌లు. పేర్లు వేరైనా పని ఒకటే. ఫెండర్ ఫ్యాక్టరీలో ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది మెక్సికన్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. కొన్ని పాత ఆంప్‌లు విప్పితే లోపల టేపు ముక్క మీద వైరింగ్ చేసినామె పేరు కనిపిస్తుంది.

ప్రింటెడ్ బోర్డులో వైర్లకు బదులు రాగి దారులు ముందే ఉంటాయి. భాగాలు గుచ్చి, కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డును ఒకసారి పోనిస్తే అన్ని అతుకులూ ఒక్క దెబ్బకు అయిపోతాయి. టైమ్ తక్కువ, ఖర్చు తక్కువ, వెయ్యి బోర్డులు చేసినా వెయ్యీ ఒకేలా ఉంటాయి. 1970లు, 80ల్లో పెద్ద కంపెనీలు చాలావరకు ఇటే వచ్చేశాయి.

తర్వాత పాత ఆంప్‌ల ధరలు పెరిగాయి. కంపెనీలు తమ పాత మోడళ్ళను తామే మళ్ళీ అచ్చు వెయ్యడం మొదలుపెట్టాయి. పాత పుస్తకం పునర్ముద్రణ లాంటిదే. ఫెండర్ 65 డీలక్స్ రివర్బ్ 1993లో బోర్డు మీద వచ్చింది. ఆ తర్వాత "పేరు పాతదే, లోపల మాత్రం బోర్డు" అన్న అసంతృప్తికి జవాబుగా చేతి వైరింగ్ పునర్ముద్రణలు వచ్చాయి. మార్షల్ 1974ఎక్స్, వాక్స్ ఎసి30 హ్యాండ్‌వైర్డ్, ఫెండర్ 64 కస్టమ్ ఆ వరసవి. ఒక జాగ్రత్త: 1974 అన్నది సంవత్సరం కాదు, మోడల్ నంబర్. అసలు ఆంప్ 1960ల నాటి 18 వాట్ల చిన్న డబ్బా.

ఇప్పుడు హాస్టల్ గొడవకు వద్దాం. 64 కస్టమ్, 65 పక్కపక్కన పెట్టి వాయిస్తే తేడా వినపడుతుందన్నది నిజమే. కానీ ఆ రెండింట్లో స్పీకర్ వేరు. 64 కస్టమ్‌లో ఒక చిన్న కెపాసిటర్ తీసేశారు, దాంతో పదును కొంచెం తగ్గింది. రివర్బ్ కలిసే పద్ధతి కూడా మార్చారు. మూడు మార్పులు ఒకేసారి చేసి, తేడా అంతా చేతిదే అంటే మన ల్యాబ్ సార్ రికార్డు మీద సంతకం పెడతారా?

పోచంపల్లి చీర లెక్క ఇక్కడ పనికొస్తుందా?

చేతి పని అనగానే మా ప్రాంతం వాళ్ళకు పోచంపల్లి గుర్తొస్తుంది. చిట్యాల నుంచి చౌటుప్పల్ దాటి లోపలికి వెళ్తే కొయ్యలగూడెం, పుట్టపాక, పోచంపల్లి అన్నీ మగ్గాల ఊళ్ళు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో వచ్చింది. అక్కడా ఇదే గొడవ. అదే డిజైన్ బట్ట మీద అచ్చు వేసి సగం ధరకు అమ్ముతారు.

కానీ ఇక్కత్‌లో చేతి పని బట్టలోనే ఉంటుంది. నెయ్యకముందే నూలు మీద ముడులు కట్టి రంగు అద్దుతారు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకే డిజైన్ అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. చీర తిప్పి చూస్తే వెనక కూడా అదే డిజైన్. అచ్చు చీరలో అంచు పదునుగా, వెనక వెలిసినట్టు ఉంటుంది. అంటే చెయ్యి తీసేస్తే ఆ బట్టే మారిపోతుంది.

ఆంప్‌లో అలా కాదు. ఎలక్ట్రాన్‌కు తనను పంపిన అతుకు చేత్తో పెట్టిందా, మెషిన్ పెట్టిందా అని తెలియదు. అవే భాగాలు, అవే విలువలు, మంచి అమరిక ఉంటే సౌండ్ దాదాపు అదే. అమరిక మాత్రం ముఖ్యం. గ్రిడ్‌కు వెళ్ళే వైరు హీటర్ వైరు పక్కన పడుకుంటే ఆంప్ హమ్ కొడుతుంది. ఇన్‌పుట్ వైరు ఔట్‌పుట్ వైరుకు దగ్గరైతే దానంతట అదే కూత పెడుతుంది. మంచి చెయ్యి ఈ వైర్లను తెలిసి పడుకోబెడుతుంది, చెడ్డ చెయ్యి చెడగొడుతుంది. మంచి బోర్డు డిజైన్ ఈ పనిని ఒక్కసారి సరిగ్గా చేసి వెయ్యి సార్లు అలాగే చేస్తుంది.

కాబట్టి పోల్చాల్సింది చీరతో కాదు, మగ్గంతో. చేమగ్గం దగ్గర పది నిమిషాలు నిలబడితే ఏ తాడు ఏ పలకను లాగుతోందో మన కళ్ళకే తెలుస్తుంది. ఏదైనా విరిగితే నేతగాడూ, ఊరి వడ్రంగీ కలిసి సాయంత్రానికల్లా నిలబెడతారు. కంపెనీ మనిషి రానక్కర్లేదు. చేతి వైరింగ్ ఆంప్ విలువ ఇదే. దాన్ని చూసి చదవొచ్చు, విప్పి బాగు చెయ్యొచ్చు.

విప్పి చూస్తే

చిట్యాలలో ఒక రేడియో మెకానిక్ తాత ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్ కోఠీలో పని నేర్చుకుని ఊరికి వచ్చి షాపు పెట్టారు. మా కాక మైక్‌సెట్లు మొదటి నుంచీ ఆయన దగ్గరికే పోతాయి. మా ఇంట్లో అటక మీద కాక వాళ్ళ నాన్న కాలం నాటి వాల్వ్ ఆంప్లిఫయర్ ఒకటి ఉంటే పోయిన దసరా సెలవుల్లో ఆయన దగ్గరికి పట్టుకెళ్ళా. మొన్న కొన్న బ్లూటూత్ పార్టీ స్పీకర్ కూడా తీసుకెళ్ళా. అది కొన్న పద్నాలుగో నెలకే మూగబోయింది.

స్పీకర్ విప్పి బోర్డు చూసి పక్కన పెట్టేశారు. దాని మీద నంబర్ గీకేసిన ఒక చిప్పు ఉంది. "దీన్ల నేను జేసేది ఏం లేదు బిడ్డా. బోర్డు మార్చాలె, బోర్డు వాడు ఇయ్యడు" అన్నారు. పాత ఆంప్ విప్పి మాత్రం కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇగో జూడు, ఇది ఏడికెళ్ళి వచ్చి ఏడికి పోతున్నదో కండ్లకు అవుపడ్తలేదా? చదువురాని మనిషి గూడ ఏలు పెట్టి చూపియ్యొచ్చు." అని ఊరుకోకుండా వెంటనే నా చెయ్యి వెనక్కి లాగారు. ప్లగ్ పీకినా పెద్ద కండెన్సర్లలో 300, 400 వోల్ట్‌లు నిలబడి ఉంటాయి. వాటిని ముందు రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యాలి. ఇది చదివి ఎవరైనా వాల్వ్ సెట్ విప్పేటట్టయితే ఈ ఒక్క వాక్యం మర్చిపోవద్దు. తెలిసిన మనిషి పక్కన లేకుండా అస్సలు విప్పొద్దు. ఇంకోటి, స్పీకర్ తగిలించకుండా వాల్వ్ ఆంప్ ఆన్ చెయ్యకూడదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

ఆ పాత డబ్బాలో పోయినవి రెండు ఫిల్టర్ కండెన్సర్లు, ఒక డ్రై సోల్డర్ అతుకు. వాల్వ్ ఒకటి వీక్ అయింది కానీ పని చేస్తోంది. కోఠీ గుజరాతీ గల్లీలో కండెన్సర్లు దొరికాయి. ఒక పూటలో పాట వచ్చింది.

బోర్డు అన్నది పాపం కాదని కూడా చెప్పాలి. మందమైన బోర్డు, బయట దొరికే భాగాలు, చేతిలో సర్క్యూట్ డయాగ్రం ఉంటే బోర్డు ఆంప్ కూడా చక్కగా బాగవుతుంది. సమస్య వాల్వ్ సాకెట్లు, నాబ్‌లు నేరుగా బోర్డు మీదే కూర్చున్నప్పుడు. రోజూ వేడెక్కి చల్లారి అతుకులు చిట్లుతాయి. ఒక్క నాబ్ మార్చాలన్నా మొత్తం బోర్డు ఊడదీయాలి. చేతి వైరింగ్‌లో వేడెక్కే భాగాలు లోహపు చాసిస్ మీద ఉంటాయి, ఏ ఒక్కటైనా మిగతావాటిని కదపకుండా మార్చొచ్చు. అరవై ఏళ్ళ ఆంప్‌లు ఇంకా వేదికల మీద ఉన్నాయంటే కారణం ఇదే. అవి చెడిపోక కాదు. ఎన్నిసార్లు చెడిపోయినా ఎవరో ఒకరు బాగు చెయ్యగలిగారు.

మరి సాఫ్ట్‌వేర్ సంగతి?

మనం సీఎస్ఈ వాళ్ళం కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. వాల్వ్ ఆంప్‌ను కోడ్‌తో అనుకరించడం కొత్త కాదు. లైన్ 6 కంపెనీ పాడ్ అనే చిన్న ఎర్ర డబ్బా 1998లోనే వచ్చింది. 2019 నుంచి ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ లాంటి చోట్ల న్యూరల్ నెట్‌వర్క్‌తో ఆంప్‌లను నేర్పించడం మీద మంచి పరిశోధన వచ్చింది. ఇప్పుడు న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉంది. ఆంప్‌లోకి ఒక పరీక్ష సిగ్నల్ పంపి, బయటికి వచ్చింది రికార్డు చేసి, రెండూ ఇచ్చి ట్రెయిన్ చేస్తే ఆ ఆంప్ ఒక చిన్న ఫైల్‌గా మారుతుంది. కళ్ళు మూసుకుని వింటే అసలుదో నకలుదో చెప్పడం చాలామందికి కష్టం. డబ్బుల్లేని స్టూడెంట్‌కు ఇది వరమే. టోన్ మాస్టర్ బరువు కూడా వాల్వ్‌ల దానిలో దాదాపు సగం, బస్సులో పట్టుకుపోవచ్చు.

కానీ ఆ ఫైల్ ఎక్కువగా ఒక్క నాబ్ స్థానం దగ్గర తీసిన ఫొటో లాంటిది. ఎందుకలా మోగుతోందో అందులో లేదు. లక్షల కొద్దీ పనిచేయని ఎడిటింగ్ చేసినా వెయిట్స్‌లో "ఇదిగో ఈ కెపాసిటర్" అని చూపించలేం. మనం బ్లాక్ బాక్స్ అనేది దీన్నే. చేతి వైరింగ్ అట్ట వైట్ బాక్స్. ఒక రెసిస్టర్ మార్చి చూడొచ్చు, తప్పయితే వెనక్కి పెట్టొచ్చు. లియో ఫెండర్ సర్క్యూట్‌ను జిమ్ మార్షల్ షాపు కుర్రాళ్ళు చదవగలిగారు కాబట్టే మార్షల్ పుట్టింది. చదవలేని వస్తువును వాడుకోవడం వరకే వీలవుతుంది, దాని నుంచి కొత్తది పుట్టించడం కష్టం.

వాల్వ్‌లకూ బలహీనత ఉంది. ఇప్పుడు గిటార్ వాల్వ్‌లు ఎక్కువగా తయారయ్యేది స్లొవేకియా, రష్యా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీల్లోనే. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే ప్రపంచమంతా గిటారిస్టులు వాల్వ్‌ల కోసం వెతుక్కున్నారు. అట్ట వందేళ్ళు ఉన్నా బుడ్డి దొరక్కపోతే దీపం వెలగదు.

మనకేంటి?

మీలో ఎవరైనా ఆంప్ కొనబోతుంటే నా సలహా ఇది. సౌండ్ కోసమైతే లేబుల్ మీద "హ్యాండ్‌వైర్డ్" అన్న మాట చూడకండి. స్పీకర్ చూడండి, సర్క్యూట్ చూడండి, మీ చెవితో వినండి. ముప్పై ఏళ్ళు ఉంచుకుని, చెడిపోయిన ప్రతిసారీ బాగు చేయించుకోవాలనుకుంటే మూడు ప్రశ్నలు అడగండి. సర్క్యూట్ డయాగ్రం బయట దొరుకుతుందా? వేడెక్కే భాగాలు బోర్డు మీద ఉన్నాయా, చాసిస్ మీద ఉన్నాయా? పోయిన భాగం వేరే షాపులో దొరుకుతుందా? ఈ మూడింటికీ మంచి జవాబు వస్తే బోర్డు ఆంప్ అయినా కొనొచ్చు. రాకపోతే చేతి వైరింగ్ అయినా డబ్బు దండగ. ఇవే మూడు ప్రశ్నలు ఫోన్‌కూ, ల్యాప్‌టాప్‌కూ, ఫ్యాన్‌కూ కూడా పనికొస్తాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ వస్తువుల రిపేర్ సమాచారం, విడిభాగాల సమాచారం అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. మనం అడిగితేనే అది నిండుతుంది.

ఇంకో సంగతి. చిట్యాల తాత షాపు ఇప్పుడు పొద్దున రెండు గంటలే తెరుస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. నేర్చుకున్నా దాంతో ఇల్లు గడవదని ఆయనే అంటారు, నిజమే. అమెరికాలో ఆ పనికి "హ్యాండ్‌వైర్డ్" అని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మా ఊళ్ళో అదే పని తెలిసిన మనిషికి రోజుకు రెండు టేబుల్ ఫ్యాన్లు వస్తే గొప్ప. చెయ్యి ఒకటే, సోల్డరింగ్ ఒకటే.

మన సాహితీ క్లబ్బుకు ఒక ప్రతిపాదన పెడుతున్నా. ఈ సెలవుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక్క రిపేర్ షాపుకు వెళ్దాం. ఒక రోజు కూర్చుందాం. వాళ్ళు ఏ తప్పును ఏ మాటతో పిలుస్తారో, ఏ సౌండ్ వస్తే ఏ భాగం పోయినట్టో, ఎలా పట్టుకుంటారో వాళ్ళ మాటల్లోనే రాసుకుందాం. "హమ్ కొడుతోంది" అంటే ఒక రోగం, "గరగర" అంటే ఇంకో రోగం, "వాల్వు వీకు" అంటే మరొకటి. ఇవేవీ మన టెక్స్ట్‌బుక్‌లో లేవు, తెలుగు నిఘంటువులోనూ లేవు. వచ్చే సంచికకు పది ఊళ్ళ నుంచి పది పేజీలు వచ్చినా చాలు. నా పేజీ చిట్యాల నుంచి మొదలుపెట్టాను, ఇప్పటికి ముప్పై నాలుగు మాటలయ్యాయి.